పేరు మీద పడ్డ పైసలు

సర్కారు మనిషి ఈసారి బుధవారమే వచ్చిండు,
చెప్పిన దినం కంటె ఒకరోజు ముందు.
చేతిల పలక లాంటి ఫోను,
బూట్లకు బురద అంటకుండ
గట్టు గట్టు మీదనే నడిచిండు వఫ్రా తోటంతా.

మాకు కబురు అర్ధరాత్రే అందింది.
నాలుగింటికి లేచి ఎండిన తీగలు పీకి
కంచె అవతల ఇసుకల పారబోసినం.
చివరి షెడ్డుల కూలరు చెడిపోయి మూడు వారాలు,
అండ్ల కీరతీగ ఉడికి వేలాడుతున్నది.
దాని తలుపు కనవడకుండ
మొఫిజుల్ ఖాళీ డబ్బాలు పేర్చిండు, మనిషెత్తు.
కాయితం మీద పదకొండు షెడ్లు.
కాసేవి పది.

అబూ నవ్వాఫ్ కువైట్ సిటీ నుంచి వచ్చిండు
ఇస్త్రీ మడత నలగని తెల్లంగిల.
ఆయనను చూసి నాలుగు నెలలైంది.
ఒక టమాట తెంపి చూపియ్యమంటే
తొడిమ ఎటు విరవాలెనో తెల్వక పండును పిసికిండు,
రసం చిమ్మి రొమ్ము మీద పడ్డది.
నేను గుడ్డ అందిచ్చిన.
నవ్వలే. నవ్వే జీతం కాదు నాది.

ఎన్ని టన్నులు? అన్నడు ఆఫీసరు.
అబూ నవ్వాఫ్ నా దిక్కు చూసిండు.
వచ్చీరాని అరబ్బిల చెప్పిన.
నా నోట్లెకెళ్లి వెళ్లిన అంకె
ఆయన పేరు మీద ఎక్కింది.
విత్తనానికి ఇంత, పండిన డబ్బా డబ్బాకు ఇంత,
సర్కారు రైతుకిస్తది.
రైతంటే
కాయితంల ఉన్నోడు.

రాత్రి మోటరు బందయినంక
మంచం మీద కాళ్లు సాపుకున్న.
ఫోను టింగుమన్నది.
మా ఊరి బ్యాంకు. పెట్టుబడి సాయం,
ఎకరం ఇరవై గుంటలకు.
పైసలు పడ్డయి.

మొఫిజుల్‌కు చూపిచ్చిన.
"మీ సర్కారు మంచిది భాయ్" అన్నడు.
నువ్విక్కడుంటే అక్కడెవరు దున్నుతున్నరని
అడగలేదు వాడు.
అడిగితే బాగుండు.

సాయవ్వ దున్నుతది ఆ చెలక.
ఆరేండ్ల సంది.
నోటిమాట కౌలు. రాసిస్తే రేపు పట్టా అడుగుతదని
మా చిన్నాయన బెదిరిచ్చిండు,
నేను బెదిరిన.
యూరియా లైన్ల చెప్పులు పెట్టి
ఆమె నీడకు కూసుంటది.
పోయిన కార్తెల వాన పడి
కల్లంల మక్కలు మొలకలెత్తితే
నష్టం ఆమెకు, పరిహారం నాకు.
మొలకల ఫొటో పంపింది.
పైసలడగలే.
"పైలం తమ్మీ, ఎండల తిరగకు" అన్నది.

పంట రాసుకునే సారు గట్టు మీద నిలబడి
ఎవరిదవ్వా భూమి అంటే
నా పేరు చెప్పిందట,
ఇంటిపేరుతోని, మా నాయన పేరుతోని,
తడబడకుండ.
ఇయ్యాల పొద్దున నేను
అబూ నవ్వాఫ్ తండ్రిది తాతది
వరుసగ అప్పజెప్పినట్టే.

నా అంగి మీద మరక లేదు.
అయినా గుడ్డ దొరికితే తుడుసుకుందునేమో.

వీసా అప్పు మిత్తి యాదికొచ్చింది.
పిల్ల హాస్టలు ఫీజు యాదికొచ్చింది.
అన్నీ యాదికొచ్చినంకనే
పైసలు పంపే యాప్ తెరిచిన.
సగం అని కొట్టిన. చెరిపి,
రెండు బస్తాల ధర కొట్టిన.
చెరిపి, మల్ల సగం.

పంపే కారణం ఎంచుకోండి, అన్నది ఫోను.
కుటుంబ ఖర్చు.
చదువు.
వైద్యం.
కానుక.
ఇంకా కిందికి జరిపి చూసిన,
ఆమెది ఆమెకిచ్చుడు అన్న మాట
ఏ గడిలనూ లేదు.

స్క్రీను దానంతటదే చీకటయ్యింది.
బయట, చివరి షెడ్డు కాడ
మొఫిజుల్ డబ్బాలు దించుతున్నడు
ఒక్కొక్కటి,
సప్పుడు కాకుండ.