రెండుసార్లు కరిగేది

మే నెల. పొద్దున తొమ్మిదిన్నర.
హీటరు స్విచ్చి ఇంకా వెయ్యనే లేదు,
గాజుపలకల నడుమ సరుకు అప్పుడే కరిగి కూర్చుంది.
"మేడం, ఇది మనకోసం ఆగలేదు" అన్నాను.
కుళ్ళాయమ్మ మేడం గోడమీది థర్మామీటరు చూసి నవ్వినారు.
"ముప్పై అయిదు డిగ్రీలకు వేడి చెయ్యమని పుస్తకాల్లో రాసినారు దస్తగిరీ,
అనంతపురంలో ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు."

ఆ పూట నుంచి మా పని రాత్రిళ్లకు మారింది.

ల్యాబులో చేరిన కొత్తలో అడిగినా,
ఏముంది మేడం ఆ చిటికెడు తెల్లపొడిలో అని.
"రెండుసార్లు కరుగుతుంది" అన్నారు.
మొదటిసారికి గంజి మాదిరి మసక.
ఇంకాస్త వేడికి, టక్కున, తేటనీళ్లు.
ఆ రెంటి నడుమ ఉండేదాన్నే
ముప్పై ఏండ్లు చూసినారామె.

నాకు అర్థం కాలేదని కిటికీ కాడికి పిలిచినారు.
కింద క్వార్టర్లకు నీళ్ల ట్యాంకరు వచ్చింది.
"చూడు, ఎవరన్నా ఉన్నచోట నిలబడినారా?
తోసుకుంటాండారు, బిందెలు జరుగుతాండాయి,
అయినా మొగాలన్నీ పైపు దిక్కే.
అదీ మన సరుకు."
ట్యాంకరు పోయినాక
ఎవరి మొగం ఎటో.
"ఇప్పుడు తేటపడింది" అన్నారు, టీ తాగుతా.

గాజుపలక రుద్దే పని నాది.
ధర్మవరం పట్టుగుడ్డ ముక్క, మేడమే తెచ్చినారు.
పదునాలుగుసార్లు, ఒకే దిక్కుకు.
"పోయిన చెయ్యి అదే దోవన వెనక్కి రాకూడదు.
ఎత్తు. మళ్లీ మొదట్నుంచి."
కంటికేమీ కనపడదు. గీత లేదు, మరక లేదు.
దానిమీద పోసిన సరుకుకు మాత్రం తెలుస్తుంది
నా చెయ్యి ఎటు పోయిందో.

పట్టుపురుగు కడుపులో దారం ఉండదు, జిగురే ఉంటుంది,
లాగితే వరసకొస్తుంది,
ఒకసారి దారమైతే మళ్లీ జిగురు కాదు.
ఇది పాఠంలో చెప్పేవారు.
పాఠంలో చెప్పనిది, కరెంటు లేని ఒక రాత్రి నాకు చెప్పినారు:
వాళ్లమ్మ హిందూపురంలో పట్టుకాయలు ఉడకేసే కూలి.
వేన్నీళ్లలో నాని నాని వేళ్ల మీది గీతలు పోయినాయంట,
రేషను మిషను ఆ బొటనవేలిని ఒప్పుకోలేదంట.

కరెంటు. దాని మాట ఎత్తకుంటే నేను అబద్ధం చెప్పినట్టు.
నిమిషానికి డిగ్రీలో పదోవంతు
నాలుగు గంటలు దించుకుంటా వచ్చి
ఇంకో అర డిగ్రీ ఉందనంగా పోయేది.
మేడం తిట్టేవారు కాదు.
నోటుబుక్కులో "2.10, కరెంటు లేదు" అని రాసి
కింద గీత కొట్టేవారు.

ఒక ఏడు, మసకకూ తేటకూ నడుమ
అర డిగ్రీ వెడల్పున ఇంకోటి దొరికింది.
నీలం.
ఎవరూ చూడనిది. పేపరు అచ్చయింది,
స్వీట్లు పంచినాము, శాలువా కప్పినారు.
ఎనిమిది నెలలకు జర్మనీ నుంచి జాబు:
మీ సరుకు శుద్ధంగా లేదేమో.
శుద్ధి చేసినాము. ఉంది.
మళ్లీ చేసినాము. ఉంది.
ఏడోసారికి
లేదు.

ఆ రాత్రి ఆమె నాతో మాట్లాడలేదు.
తెల్లారేసరికి రెండు పేజీలు రాసి పెట్టినారు,
మేము చూసింది మురికినే అని, తన పేరుతో,
అదే పత్రికకు. పోస్టు చేసింది నేనే.
శాలువా మైక్రోస్కోపు మీద కప్పినారు, దుమ్ము పడకుండా.
తర్వాత పదకొండేండ్లు
ఆ మురికి ఎంతుంటే నీలం వస్తుందో, ఎంతకు పోతుందో
అదే చూసినారు.

రిటైరైన నాడు, దండలు తీసి కుర్చీకి తగిలించి,
"రా, ఇందులో చూడు" అన్నారు.
ఇరవై ఆరేండ్లలో నేను అడగలేదు, ఆమె చూపలేదు,
ఇద్దరికీ పనే సరిపాయె.
గూగూడు పీర్లకు కట్టిన గుడ్డల రంగులన్నీ ఉన్నాయక్కడ.
నల్లటి కుంచెలు నాలుగు ఒక చుక్క కాడ కూడినాయి.
పైనా కిందా అద్దాలు కలిపి తిప్పితే
కుంచెలు తిరిగినాయి, చుక్క కదల్లేదు.
"ఆ చుక్క కాడ ఎటు తిరగాలో వాటికే తెలీదు" అన్నారు.
"అది తప్పా మేడం?"
"తప్పులనే పిలుస్తాం."
ఇంకా ఏదో అనబోయి, దీపం ఆర్పినారు.

ఇప్పుడు ఇంట్లో కళ్లద్దాలు తుడుచుకుంటుంటే
మా మనవరాలు నవ్వుతుంది.
ఒకే దిక్కుకు. ఎత్తి,
మళ్లీ మొదట్నుంచి.