పొర

తర్లుపాడు రోడ్డు షెడ్డులో
పలకరాయి పొరలు విడదీయడం నా పని.
ఉలి అంచు ఎక్కడ ఆనించాలో
రాయే చెబుతుంది.
బలంగా కొడితే ముక్కలవుతుంది,
మెల్లగా తడితే
పుస్తకంలా తెరుచుకుంటుంది.

మా కాశమ్మక్క దెబ్బ ఎక్కడ పడుతుందో మాత్రం
నలభయ్యేళ్ళు వచ్చినా
పోల్చుకోలేకపోయాను.

పొదిలిలో ఫ్యాన్సీ షాపు అక్కది.
నవ్వితే వీధంతా నవ్వాలి,
అలిగితే వీధంతా అన్నం మానాలి.
అమ్మ పోయిన రోజు
పాడె లేవబోతుండగా కళ్ళు తిరిగి పడింది.
అందరూ అటు పరిగెత్తి సోడా పట్టారు.
అమ్మ తల దగ్గర నేనొక్కదాన్నే,
ఈగలు తోలుతూ.

చెడ్డది అనడానికి నాలుక తిరగదు.
చిన్నప్పుడు గుండ్లకమ్మ ఇసుకలో
నన్ను చంకనేసుకుని నడిచింది.
ఆ ఇసుక ఎంత కాలిందో
వచ్చిన చుట్టానికల్లా ఇప్పటికీ చెబుతుంది.
నా కాళ్ళు మాత్రం
ఆ కథలో ఎప్పుడూ ఉండవు.

నా కడుపు ఆపరేషన్ అప్పుడు
అరడజను యాపిల్ కాయలు తెచ్చింది.
మంచం పక్కన కూర్చుని
తన మోకాలి నొప్పి మూడు గంటలు చెప్పింది.
ఆ యాపిల్ కాయలు
పొదిలిలో నాలుగిళ్ళు తిరిగేసరికి
నలభై వేల రూపాయలయ్యాయి.
"చెల్లెల్ని బతికించుకున్నా" అందట.

అడిగితే,
"నేనట్టా ఎప్పుడన్నానే?
నీకు మత్తుమందు ఇంకా దిగలేదు."
అంతే, నాకే అనుమానం.
అనలేదేమో.
ఇచ్చిందేమో నిజంగానే.
ఒక రాత్రి లేచి
ఆసుపత్రి సంచి దులిపి చూసుకున్నాను.

మర్నాడు షెడ్డు నుంచి తెచ్చుకున్నాను
మూల విరిగిన పలక ఒకటి,
చట్రం లేనిది, లెక్కకు రానిది.
బియ్యం డబ్బా వెనక దాని చోటు.
ఫోన్ పెట్టేయగానే బలపంతో రాస్తాను:
మంగళవారం. రాత్రి తొమ్మిది. ఇట్టా అంది.
శుక్రవారం. అట్టా అననే లేదంది.
తుడవను. చోటు చాలకపోతే ఇంకో పలక.
ఎవరికీ చూపించడానికి కాదు,
పంచాయితీకి అసలే కాదు.
తెల్లారి లేచాక
నా తల నా మెడమీదే ఉందని
తడిమి చూసుకోవడానికి.

ఆ తర్వాత నా మాట సన్నబడింది.
"ఊ."
"అట్టాగా."
"నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, ఉంటా."
కూతురికి ఒంగోలు పాలిటెక్నిక్‌లో సీటొచ్చిన సంగతి
వక్కపలుకులా బుగ్గనే పెట్టుకున్నాను,
నమల్లేదు, ఉమ్మలేదు.

ముందు నా చింతపండు పులుసును పొగిడింది.
తర్వాత ఏడ్చింది.
తర్వాత షుగరు పెరిగిందంది.
ఆఖరికి మేనత్తను పంపింది:
"తోడబుట్టింది కదే,
మరీ రాయివయ్యావేందే!"
రాయి సంగతి నాకు చెప్పొద్దత్తా
అనబోయి,
మజ్జిగ కలిపిచ్చాను.

ఒక ఆదివారం
మా అంజని హాస్టల్ నుంచి వచ్చి
కొత్త స్నేహితురాలి ముచ్చటేదో చెబుతోంది,
చేతులు తిప్పుతూ, తనే నవ్వుతూ.
"ఊ" అన్నాను.
"అట్టాగా" అన్నాను.
పిల్ల ఆగిపోయింది.
"పెద్దమ్మతో మాట్లాడినట్టు
నాతో మాట్లాడతావేందమ్మా?"

బొగ్గుమన్న మధ్యాహ్నాలు
షెడ్డులో రాళ్ళ మీద నీళ్ళు చల్లుతాం.
బూడిదరంగు రాయి నల్లగా నిగనిగలాడుతుంది,
ఎక్కడివో ఎర్ర చారలు, ఆకుపచ్చ చారలు
పైకి తేలతాయి.
ఆరితే మళ్ళీ బూడిదే.
ఎవరి చెంబు కింద తడవాలో
రాయినడిగేవాళ్ళు లేరు.

గరిటె పక్కన పెట్టి
పిల్లకు ఎదురుగా కూర్చున్నాను.
"మొదట్నుంచి చెప్పు.
ఆ పిల్ల పేరేందన్నావు?"

బియ్యం డబ్బా మూత మీద
ఫోన్ అదురుతోంది.
తొమ్మిదయినట్టుంది.

"రజియా" అంది అంజని.