మూడో పలక

ఎల్లాజీ మూడు స్కేట్‌బోర్డు పలకలు పంపాడు
పాత ఫ్యాను అట్టపెట్టెలో చుట్టి.
పైన స్కెచ్ పెన్నుతో ఒకే ముక్క:
"మొగమాటం ఒద్దు. నిజం రాయి."

కంచరపాలెం పట్టాల వెనక రేకుల షెడ్డు,
రెండు లారీ జాకీలు, రెండు ఇనప దూలాలు,
జిగురు డబ్బా మీద మూత బదులు పళ్ళెం.
అదే కంపెనీ. ముగ్గురే మనుషులు,
ముగ్గురి చీలమండల్లోనూ తలో పాత విరుపు.

నా ఉద్యోగమూ ఇంచుమించు ఇదే.
స్టీల్ ప్లాంటు ల్యాబులో కడ్డీని దవడల మధ్య బిగించి
తెగేదాకా లాగుతాను,
తెగిన చోట అంకె రాస్తాను.
కడ్డీ ఎవరికీ స్నేహితుడు కాదు.
కడ్డీతో ఎవరూ తెల్లారగట్ట బీచ్ రోడ్డు మీద
మోచేతులు చెక్కుకుని నవ్వలేదు.

మొదటి పలకని వేలి కణుపుతో తట్టాను
కొబ్బరికాయ బేరంలో తట్టినట్టు, చెవి ఆనించి.
ఏడు పొరలూ ఒకే గొంతుతో పలికాయి.
మధ్యలో దోసిలి మరీ లోతు కాదు,
పాదం అడక్కుండానే సర్దుకుంది.
తోక తొక్కితే నేల "ఠాప్"మంది,
వాకింగ్‌కొచ్చిన పెద్దాయన మఫ్లరు సవరించుకుని తిట్టాడు.
అది మంచి మార్కు.

రెండోది బరువనిపించి
జాలరిపేటలో నూకరత్నం కాటా మీద పెట్టాను.
కిలో నాలుగొందలు.
"ఏ సేపే ఇది, పొలుసే నేదు?" అంది.
పైన అంటించిన గరుకు కాగితం నిమిరి,
"ఓలమ్మ, సొర తోలు" అని తనే తేల్చింది.
బరువే, కానీ బుద్ధిమంతురాలు.
పార్కు హోటలు ముందు గతుకుల్లో కూడా వణకలేదు.
ఎగరదు. నా మోకాలికీ ఇప్పుడు ఎగరాలని లేదు.

మూడోది అందమైంది.
అడుగున బొమ్మ: దారి తప్పిన డాల్ఫిన్, దాని ముక్కు మీద లైట్‌హౌసు.
పదకొండు రోజులు తొక్కాను,
నాలుగు రోజులు ముసురు, ఉప్పుగాలి.
పన్నెండోనాడు సాగర్‌నగర్‌లో
మూతపడ్డ కల్యాణమండపం ఆరుమెట్లు దూకాను.
చప్పుడు మారింది. "ఠాప్" కాదు,
తడి అప్పడం విరిచినట్టు.
వెనక బోల్టుల దగ్గర నోరు తెరిచింది.

పొరల మధ్య గోరు పెట్టి లాగితే
నాలుగో పొర మీద పెన్సిలు రాత,
ఎల్లాజీ రాతే, కొమ్ములన్నీ ఎడమకి వాలి:
"జులై 19. వాన. జిగురు ఆర్లేదు.
అప్పులాయన గుమ్మంలో కూకున్నాడు.
నొక్కేత్తన్నాను."

మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను.
ఇలాంటిది ఏ కడ్డీ లోపలా నాకు దొరకలేదు.

ఫోన్ చేశాను.
మూడో పలక విరిగింది, అన్నాను.
"ఎన్నో పొర కాడ?"
నాలుగు.
అవతల గ్రైండరు ఆగింది.
చదివావా అని వాడు అడగలేదు,
చదివానని నేను చెప్పలేదు.
"ఆ తడవలో ఇంకా ఎనిమిది పోనాయి," అన్నాడు చివరికి.

ఆదివారం స్కూటరు మీద
గాజువాకలో మూడు, మధురవాడలో నాలుగు
వెనక్కి తెచ్చాడు, డబ్బులిచ్చి.
ఎనిమిదోవాడు ఇవ్వనన్నాడట:
"నాది బాగానే ఉందన్నా, పేరు కూడా పెట్టుకున్నా."

నా నివేదిక ఒక కాగితం, ఒకే వైపు.
మొదటిది కొనొచ్చు. రెండోది నాలాంటి వాళ్ళు కొనొచ్చు.
మూడోది వానాకాలంలో నొక్కొద్దు,
గుమ్మంలో ఎవరు కూర్చున్నా సరే.

మొదటి పలక నేనే కొనుక్కున్నాను.
మూడు వేలకి రెండొందలు తగ్గించాడు.
"నేస్తురాలివని కాదు," అన్నాడు,
"తోక కాస్త అరగదీసీసేవు గదా."