ఒక పాత సమీక్షకి సవరణ

నలభై ఏళ్ల కిందట
గంటస్తంభం పక్క సందులో అచ్చయ్యే వారపత్రికకి
నేను రాసిన సమీక్ష పదకొండు లైన్లు.
పన్నెండో లైనుకి చోటుంది. నేనే వద్దన్నాను.

'మూడో షిఫ్టు' అని పేరు పెట్టుకున్నారు.
నెల్లిమర్ల గోనె మిల్లు కుర్రాళ్లు ముగ్గురు, బయటివాడొకడు.
విశాఖ రేవులో ఎవరో నావికుడు
బీడీకట్టలకి మార్చి ఇచ్చిన రాక్ టేపులు
విని విని చెవులు కాలినవాళ్లు.
వాళ్ల మొదటి క్యాసెట్టు.
ఆఖరిదీ అదేనని అప్పుడు ఎవరికీ తెలీదు.

'చప్పుడు ఎక్కువ, సంగీతం తక్కువ' అని మొదలెట్టాను.
మంచి వాక్యమనుకుని రెండురోజులు మురిసిపోయాను.
'డ్రమ్ములు వాయించే సన్నిబాబుకి తాళజ్ఞానం లేదు,
ఏడో దెబ్బ దగ్గర ప్రతిసారీ జారుతున్నాడు'
అని వేళ్లు మడిచి లెక్కపెట్టి మరీ రాశాను.
సంగీత కళాశాలలో ఫిడేలు మాస్టర్ని.
నాకు లెక్క తప్పదు.

మొన్న పాత ఇనపసామాన్ల కొట్లో
విరిగిన ఫ్యాను రెక్కల కింద దొరికింది.
పదిహేను రూపాయలు.
"పాడతాదో నేదో నాకు తెల్దు బాబూ" అన్నాడు కొట్టువాడు.
టేపు ఊడి పేగులా వేలాడుతోంది.
పెన్సిలు దూర్చి సాయంత్రందాకా చుట్టాను.

మొదటివైపు.
గిటారు కన్నా ముందు ఒక దగ్గు,
ఎవరిదో, నారదుమ్ము మింగిన దగ్గు.
తరవాత గిటారు, తుప్పుపట్టిన షట్టరు ఎత్తినట్టు.
గోనెసంచులు వేలాడే గోదాములో రికార్డు చేశారట,
అందుకే ఎక్కడా ప్రతిధ్వని లేదు.
ప్రతి మాటా వచ్చి మొహం మీదే నిలబడుతుంది.
పైడయ్యది గొంతు కాదు, కేక:
"ఏటి సేస్తావే సైరనా, ఏటి సేస్తావు,
నిదరోనోణ్ణి లేపడానికి నీకెంత జీతం?"

అప్పుడు రాశాను: 'భాష మోటు.'
మా అమ్మ మాట్లాడింది ఆ భాషే.

మూడో పాట ఇప్పటికీ చెత్తే.
వయసు మీదపడిందని అబద్ధం చెప్పలేను.
ప్రేమపాట వాళ్ల చేత కాలేదు,
వాన వాన అని పదహారుసార్లు అని ఊరుకున్నారు.

రెండోవైపు.
ఏడో దెబ్బ. జారింది.
వెనక్కి తిప్పాను. మళ్లీ జారింది.
మూడోసారి కళ్లు మూసుకుని విన్నాను.
జారడం కాదది, ఆగడం.
మగ్గం నాడె ఆ చివరికి పోయి
తిరిగొచ్చే ముందు గుటకేసినంత ఖాళీ.
మిల్లులో ఒక్క పూట నిలబడినవాడికి తెలిసే తాళం.
నేను నిలబడలేదు.
పలాస పాసింజరులో ఆ మీదుగా పోతూ
ముక్కుకి రుమాలు పెట్టుకున్నాను.

ఇక బేసు గిటారు.
నా పదకొండు లైన్లలో దాని ఊసు లేదు.
వాయించింది సోమేశం.
నా దగ్గర మూడేళ్లు నేర్చి, వర్ణాలదాకా వచ్చి
పరీక్షరోజు కమాను బల్లమీద పెట్టి
నమస్కారమైనా పెట్టకుండా వెళ్లిపోయినవాడు.
పన్నెండో లైను వాడిది.

ఆఖరి పాటలో అందరూ అరిచి అలిసిపోయాక
వాడొక్కడూ మందరపు తీగ మీద ఒక గమకం పట్టాడు.
ఎక్కడిదో నాకు తెలుసు. నేను నేర్పినదే.
నేనెప్పుడూ అలా వాయించలేదు.
అది పూర్తి కాకుండానే నిజం సైరను కూసింది,
వాళ్లు దాన్ని చెరపలేదు, పాటలోనే ఉండనిచ్చారు.

ఇప్పుడు మిల్లు గేటుకీ తాళమే.
ఆ తాళం గురించి ఎవరు సమీక్ష రాస్తారో.

పత్రిక ఎప్పుడో మూతపడింది.
సంపాదకుడి మనవడు ఆ గదిలో ఫోను కవర్లు అమ్ముతున్నాడు.
సవరణ ఎక్కడ వెయ్యాలో తెలీక
డబ్బాలోని అట్టముక్క మీద, నాలుగు పేర్ల కింద,
అదే పెన్సిలుతో రాసి పెట్టాను:

వినండి.
మూడో పాట తప్ప.