రెండు గ్లాసులు

మర్రిగూడ దాటినంక ఆటో దిగి
అట్ట, రంగుల డబ్బా, మూడు కుంచెలు పట్టుకొని పోతే
రేకుల పందిరి కింద ఈదమ్మ
అప్పటికే కూసోని ఉన్నది,
మనవరాలి పెండ్లికి పెట్టిన నెమలిరంగు చీరల.

"కదలొద్దు అవ్వా" అన్న.
హైస్కూల్ పిల్లలకు చెప్పీ చెప్పీ నోటికి అంటుకున్న మాట.
"కదలమన్నా కదల్నయ్యా" అన్నది.
మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలె ఆమెకు,
తలుపు తిరిగినట్టు.
"మంచిగ కూసున్నవ్" అనబోయి
మింగిన.

నీళ్లరంగుల్ల తెలుపు పెట్టరు.
తెల్లగ కావాల్సిన కాడ
కాయితాన్ని కాయితంలెక్కనే ఇడిసిపెడుతరు.
కంటి మెరుపు, ముక్కుపుల్ల మీద ఎండ,
చెవి పక్క నెరిసిన పాయ,
అన్నీ నేను ముట్టని జాగలు.
ముట్టకుండుడే కష్టం. ముప్పై ఏండ్లయినా
చెయ్యి ఊకోదు.

నోటి కాడికొచ్చి ఆగిన.
కొంగు అడ్డం పెట్టుకున్నది.
"పండ్లు ఎయ్యకు సారూ.
తుప్పు వట్టిన రేకులెక్క ఉంటయి.
నా లగ్గంల గూడ నోరు మూసుకొనే ఉన్న."

వైశాఖం ఎండ.
రెండో పూత పడకముందే మొదటి తడి ఆరుతున్నది.
చెంప మీద ఇటికెరంగు ఉరికి ఉరికి
సగంలనే నిలవడి అంచు కట్టింది.
తుడువబోయిన. మళ్ల చూస్తే
అది ఆమె చెంప ఎముకే.

నా పక్కన రెండు గ్లాసులు.
ఒకటి కుంచె కడిగేది. ఒకటి తాగేది.
దూపైందేమో, తల తిప్పకుండ
చెయ్యొక్కటే చాపి అందుకున్నది ఈదమ్మ,
నీలం, మట్టిరంగు కలిసి సుడి తిరుగుతున్న గ్లాసు.
"అవ్వా! అవి తాగేటియి గావు!"
ఎగిరి గుంజుకున్న. సగం నా అంగి మీదనే.

గ్లాసు దిక్కు చూసింది. నా అంగి దిక్కు చూసింది.
"నలభై ఏండ్లు తాగిన సారూ బోరింగు నీళ్లు.
వాటికైతే ఏ రంగు లేకుండె.
అద్దంలెక్కుండె.
సల్లగుండె గూడ."

అని నవ్వింది.
కొంగు జారింది యాదికి లేనంత నవ్వు.

గోధుమ చారలు, పసుపు మరకలు,
వాటి నడుమ ఎక్కడనో
ఆవగింజంత కాయితం.
నవ్వు ఆగకముందే ఎయ్యాలె, తడి ఆరకముందే ఎయ్యాలె.
పెన్సిల్ గీత లేకుండనే ఏసిన.

ఆరినంక చేతికిచ్చిన.
తల వంగదు గద,
బొమ్మనే కండ్ల దాక లేపుకొని
చానాసేపు చూసింది. పండ్ల ముచ్చట ఎత్తలే.
బొటనవేలితోని చెంప మీద రుద్ది
"గిన్ని నీళ్లు పోసినవ్ గద,
అన్నీ ఏడవోయినయ్?" అన్నది.

"ఎండకు పోయినయ్ అవ్వా. రంగే మిగులుతది."

"మంచి కాయితం" అన్నది,
మోకాలు ఒత్తుకుంట.
"నాల వడ్డయి ఇంక పోలే."