గాలి వడపోత

మా టైరీ దీవిలో ఎండకు కొదవ లేదు.
మే నెల రాత్రి పదింటికి కూడా
వెలుతురు వంటింటి కిటికీలో కూర్చునే ఉంటుంది,
వెళ్ళొస్తానని చెప్పడం రాని చుట్టంలా.
గాలికీ కొదవ లేదు.
అది కూర్చోదు, అంతే.

నేను మొదట చేసిన తప్పు
ఇంకా తోటలో నిలబడే ఉంది:
ఒక వెదురు కర్ర, కర్రకో చీటీ,
చీటీ మీద గులాబీరంగు మాగ్నోలియా బొమ్మ.
చెట్టు లేదు.
ఓడలో నాలుగు గంటలు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను దాన్ని.
అక్టోబరు మూడు రోజుల్లో నమిలేసింది.

అందుకే ఈసారి కొనేముందు గాలిని చదివాను.
తోట అంచు పొడుగునా పుల్లలు పాతి
పాత దిండు గలీబు చింపి పేలికలు కట్టాను.
స్కూలు బస్సు షెడ్డులో పెట్టొచ్చి, రోజూ సాయంత్రం,
ఏది ఎంత చిరిగిందో రాసుకున్నాను.
రాతిగోడ వెనక, చాటు అనుకున్న చోటే,
పేలికలు దారాలైపోయాయి.
గోడ గాలిని ఆపదు, రెచ్చగొడుతుంది.
అది ఎగిరి దూకి, ఇవతల బొక్కబోర్లా పడి
ఆ ఉక్రోషం మొక్కల మీద తీర్చుకుంటుంది.
గాలికి అడ్డు పెట్టాల్సింది గోడ కాదు,
జల్లెడ.

ఓబన్ నర్సరీలో టోర్క్విల్ నిలువెత్తు మొక్కలు చూపించాడు.
"మోకాలి కిందివి ఏమున్నాయి?" అన్నాను.
"అవింకా పసివి, మర్డీనా."
"పసివే కావాలి. పడినా లేస్తాయి."

ఒక్కో ఆకునూ వేళ్ళ మధ్య నలిపి చూశాను,
తాను కొనేముందు నేత చూసినట్టు.
పల్చగా, వెడల్పుగా ఉంటే అది ఆకు కాదు, తెరచాప.
హీబీ ఆకు చిన్నది, మందం, మైనం రాసినట్టుంది: తీసుకున్నాను.
లావెండర్ నూగు ఉప్పును ఒంటిదాకా రానివ్వదు.
రోజ్‌మేరీవి సూదులు, గాలికి పట్టు దొరకదు,
దొరికిన కాస్తకీ వాసన అంటించి పంపుతుంది.
ఎస్కలోనియా జిగురు.
ఫ్యూషియా దగ్గర మాత్రం లెక్కలు మర్చిపోయి
ఆ ఎర్ర జూకాల కోసం చెయ్యి చాచాను.
"భయపడకు, అది మనకంటే మొండిది" అన్నాడు.
ముందు వరుసకి సీ బక్‌థార్న్:
వెండి ఆకు, వేలెడు ముల్లు.
"పాకుతుంది. తర్వాత నన్ను తిట్టొద్దు."
"పాకనీ. మా దీవిలో నిటారుగా నిలబడ్డదేముంది?"

మార్చిలో నాటాను. కింద సముద్రపు నాచు, పైన గులకరాళ్ళు.
బస్సు పిల్లలు దిగి వచ్చి పేర్లు పెట్టారు.
గుండ్రంగా ఉందని, హీబీకి హెడ్మాస్టరు పేరు.

మొదటి చలికాలం రెండు రోజ్‌మేరీలు పోయాయి.
ఎస్కలోనియా సగం మాడి, సిగ్గు లేకుండా మళ్ళీ చిగిర్చింది.
రెండో ఏడు రాయడానికేమీ లేదు.
మూడో జనవరికి కంప నా నెత్తిని దాటింది,
అప్పుడు వచ్చింది, గంటకు తొంభై మైళ్ళ రాత్రి.
పలకలు కప్పు మీద పళ్ళు కొరికాయి.
నేను పడుకోలేదు. పడుకున్నానని రాసుకున్నాను.

తెల్లారి లెక్క: హెడ్మాస్టరు క్షేమం.
లావెండర్లు తల దువ్వుకోవాలి, అంతే.
ఆకు లేని సీ బక్‌థార్న్ కొమ్మల్లో
నీలంగా ఏదో పూసింది.
వెళ్ళి చూస్తే మగవాళ్ళ చొక్కా.
గుండీ ఒక్కటీ ఊడలేదు.
గాలికి పోయే కంపను తగిలించుకోకూడదంటారు,
ఇక్కడ గాలికి పోయే చొక్కాను
కంపే తగిలించుకుంది.

మధ్యాహ్నం వచ్చాడు అవతలి పొలం ఫార్కర్,
చేత్తో టోపీ అదిమిపట్టుకుని,
ఈ దీవిలో అందరిలాగే
చెప్పాల్సింది అరుస్తూ.
మొక్కల ఇవతలికి వచ్చాక ఆగాడు.
చొక్కా వైపు చూడలేదు.
టోపీ మీంచి మెల్లగా చెయ్యి తీశాడు,
అది ఎగరలేదు.
"ఇక్కడ" అన్నాడు, గొంతు తగ్గించి,
కొత్త గదిలోకి వచ్చినవాడిలా అటూ ఇటూ చూస్తూ,
"మామూలుగా మాట్లాడొచ్చే."

తర్వాత ఇద్దరికీ
ఏం మాట్లాడాలో తోచలేదు.