రబ్బరు ముక్క

సల్లా నుంచి సరిహద్దు అడివి దాకా
పుస్తకాల బస్సు నడుపుతాను, పేరు ఐలి.
గురువారాలు పదకొండు ఊళ్లు. హీటరు సగమే పనిచేస్తుంది.
తిరిగొచ్చిన నవలల్లో గీతలు చెరపడం కూడా నా ఉద్యోగమే,
జీతం కాగితంలో ఆ మాట లేదు.

మొదటిది నవంబరులో దొరికింది.
నవల్లో తాగుబోతు కిటికీ దగ్గర నిలబడి
ఒంటరితనం గురించి పేజీన్నర మాట్లాడాడు.
పక్కన పెన్సిలుతో, వడ్రంగి కొయ్య మీద గుర్తు పెట్టినంత లావుగా:
"అబద్ధం. ఆ వేళకి నాలుక మడత పడుతుంది.
ఒకే మాట పందొమ్మిదిసార్లు అంటాం."

చెరిపేశాను.

ఇంకో నవల. చీకట్లో వణికే చెయ్యి.
"రాత్రి వణకదు. పొద్దున వణుకుతుంది,
చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు."
మరొకటి, ఒక్క అధ్యాయంలో మానేసినవాడి కథ.
"వీడెవడో నాకు చూపించండి" అని రాసి,
కొట్టేసి, మళ్లీ అదే రాశాడు.

రాసేవాళ్లకి సీసా దీపంలా పనికొస్తుంది,
పక్కన పెడితే మొహం సగం వెలుగు, సగం నీడ.
ఖాళీ సీసాలు సంచిలో గలగలమనకుండా
మధ్యలో సాక్సులు కుక్కడం ఏ కథలోనూ చదవలేదు నేను.
అది కూడా ఆ పెన్సిలే చెప్పింది.

జనవరిలో దాని కింద ఇంకో చేతిరాత.
సన్నగా, నీలి సిరా. సిరా రబ్బరుకి లొంగదు.
"ఆ సాక్సులు నావి.
బడికి ఒక కాలికి ఎర్రది, ఇంకో కాలికి బూడిదది వేసుకెళ్లాను."

కార్డులు తిరగేశాను. చెయ్యకూడని పని.
తౌనో, రంపపు మిల్లు వెనక వీధి.
సిర్కా, అదే ఇంటిపేరు, సరస్సుకి అవతలి ఒడ్డు.
నీళ్లు గడ్డకట్టాక నడిచి పోవచ్చు, ఇరవై నిమిషాలు.
పోరని ఊరంతటికీ తెలుసు.

అప్పట్నుంచి, తప్పో ఒప్పో,
ఆయన తిరిగిచ్చిన పుస్తకాన్ని తుడవకుండా
ఆవిడ ఎక్కే స్టాపులో ముందు వరసలో పెడుతున్నాను.

"ఈ భార్యకి ఇంత ఓర్పేమిటి?"
"అమ్మది ఓర్పనుకున్నావా? నిలబడే నిద్రపోయేది."
"నాకు గుర్తు లేదు."
"నాకుంది. ఇద్దరికీ సరిపడా."

కిందటి నెల ఒక లావుపాటి నవల.
చివర్లో తాగినవాడు మంచులో పడి చనిపోతాడు.
రచయిత ఆ చావుకి నాలుగు పేజీలిచ్చాడు,
తెల్లగా, మెత్తగా, దూరంగా ఏవో గంటలతో.
ఈసారి సిర్కా ముందు చదివింది.
మూడువందల పన్నెండో పేజీ అడుగున నీలి సిరా:
"నాన్నా, ఇక్కడ ఆపు.
మిగతాది వీళ్లు అందం కోసం రాసుకున్నారు."

రబ్బరు ముక్క డాష్‌బోర్డు మీద రాయిలా బిగుసుకుపోయింది.
బయట మైనస్ ఇరవై ఎనిమిది.
పుస్తకం తౌనో దగ్గరుంది, గడువు సోమవారమే దాటింది.
ఆయన అడగలేదు.
నేనే పొడిగించాను, ఇంకో నాలుగు వారాలు.